నో టైమ్ టు డై: డేనియల్ క్రెయిగ్ ఆఖరి బాండ్ చూసొచ్చారా? (కథంతా మాట్లాడుకుంటున్నాం, చూడనివాళ్లు లోపలికి రావద్దు)

రీలు_రవళి
30 సెప్టెంబర్ 2021, రాత్రి 10:15

ఇప్పుడే ప్రసాద్స్ పెద్ద తెర మీద చూసొచ్చా. 163 నిమిషాలు. ఇంత పొడుగు బాండ్ సినిమా ఇంతకుముందు రాలేదు. అయినా ఇంటర్వెల్ దాకా వాచీ చూసుకోలేదు. సెకండాఫ్‌లో ఒకటి రెండు సార్లు చూసుకున్నా, అది విలన్ గారి పుణ్యం.

అసలు 2019 నవంబర్‌లో రావాల్సిన సినిమా ఇది. దర్శకుడు డానీ బాయిల్ మధ్యలో తప్పుకోవడంతో క్యారీ ఫుకునాగా వచ్చాడు. 2020 ఫిబ్రవరి అన్నారు, ఏప్రిల్ అన్నారు. ఇంతలో కోవిడ్. 2020 మార్చి మొదటి వారంలోనే నవంబర్‌కి జరిపేశారు, పెద్ద సినిమాల్లో ముందుగా వెనక్కి తగ్గింది ఇదే. ఆ నవంబర్ కూడా పోయి 2021 ఏప్రిల్, అదీ పోయి ఇవాళ. బిల్లీ ఐలిష్ టైటిల్ పాట 2020 ఫిబ్రవరిలో విడుదలై, మొన్న మార్చిలో గ్రామీ కూడా కొట్టేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

నన్ను బాగా పట్టేసింది మటేరా సీన్. ఇటలీలో కొండరాయిని తొలుచుకుని కట్టుకున్న పాత ఊరు. పాత ప్రేయసి వెస్పర్ సమాధి దగ్గర బాంబు పేలాక బాండ్‌కి ఇప్పటి ప్రేయసి మడలీన్ మీద అనుమానం. ఇద్దరూ డీబీ5 కారులో కూర్చుని ఉంటారు. చుట్టూ స్పెక్టర్ అనే నేరముఠా మనుషులు. అద్దాల మీద తూటాలు టపటపా పడుతుంటాయి. బుల్లెట్‌ప్రూఫ్ అద్దమే గానీ ఒక్కో దెబ్బకీ తెల్లగా బీటలిస్తోంది. ఏదో ఒకటి చెయ్యమని ఆవిడ అరుస్తోంది. ఈయన కదలడు, పలకడు. బయట చర్చి గంటలు. చచ్చిపోదామనుకుంటున్నాడో, ఆవిడ నోటి నుంచి నిజం రావాలని చూస్తున్నాడో తెలీదు. ఆ తర్వాత హెడ్‌లైట్ల చోట మెషీన్ గన్లు బయటికొచ్చి, కారు ఉన్నచోటే గిర్రున తిరిగింది. హాలంతా ఈలలు. నాకు మాత్రం ఈలలకి ముందున్న ఆ కాసేపే సినిమా. అలా ఊరికే కూర్చుని భయపెట్టడం క్రెయిగ్‌కే కుదిరింది.

ఇక క్లైమాక్స్. చంపేశారు. నాకు సబబుగానే అనిపించింది. ఎందుకో తర్వాత రాస్తా, ముందు మీరు కానివ్వండి.

క్రాస్‌రోడ్స్_కుర్రాడు
30 సెప్టెంబర్ 2021, రాత్రి 10:31

అక్కా! మొదటి పోస్టులోనే "చంపేశారు" అంటే ఎట్లా! రేపు మార్నింగ్ షోకి టికెట్ కొనుక్కుని కూర్చున్నా ఇక్కడ.

మోడరేటర్
30 సెప్టెంబర్ 2021, రాత్రి 10:34

హెడ్డింగ్‌లో ఇంత స్పష్టంగా రాశాక కూడా తలుపు తోసుకుని వచ్చింది నువ్వే తమ్ముడూ. సినిమా చూసొచ్చాక రా.

వైజాగ్_కెరటం
1 అక్టోబర్ 2021, ఉదయం 8:20

మా దగ్గర ఇంకా సీటు వదిలి సీటే. సగం హాలు ఖాళీగా ఉన్నా గోల మాత్రం ఫుల్ హౌస్ గోల. తెలుగు డబ్బింగ్ షో చూశా.

క్యూబా ఎపిసోడ్ అదిరింది. అనా డి అర్మస్ వచ్చి, మూడు వారాలే ట్రైనింగ్ అయిందని కంగారు పడుతూ చెప్పి, తర్వాత అందరినీ ఉతికి ఆరేసి, బాండ్‌కి టాటా చెప్పి వెళ్లిపోయింది. అంతే! సెకండాఫ్‌లో మళ్లీ వస్తుందేమోనని చివరిదాకా ఎదురుచూశా. రాలేదు. ఆ పాత్రని అంత తక్కువసేపు వాడటం ఘోరం.

అసలు గొడవ విలన్ సాఫిన్‌తో. రామి మాలెక్ మంచి నటుడు, కాదనను. మొదట్లో నార్వేలో మంచు గడ్డకట్టిన చెరువు, ముఖానికి మాస్క్, తుపాకీ. వణికించాడు. తన కుటుంబాన్ని చంపించిన స్పెక్టర్ మీద పగ, అదీ అర్థమైంది. మరి స్పెక్టర్ మొత్తాన్నీ చంపేసి, దాని నాయకుడు బ్లోఫెల్డ్ కూడా పోయాక ఇంకా లక్షలమందిని చంపాలని ఎందుకు? సముద్రం మధ్య దీవిలో విషపు మొక్కల మధ్య తిరుగుతూ నెమ్మదిగా ఏదో తత్వం చెప్తాడు. నాకు ఎక్కలేదు. పగ తీరిపోయిన విలన్‌తో గంటసేపు సినిమా నడిపారు.

తెనాలి_మావయ్య
1 అక్టోబర్ 2021, మధ్యాహ్నం 1:05

నిన్న సాయంత్రం మా అబ్బాయి తీసుకెళ్లాడు. ఛేజులు బాగున్నాయి, సీనరీలు బాగున్నాయి. ముగింపు మాత్రం అన్యాయం.

నేను బాండ్ సినిమాలు చూడటం మొదలుపెట్టింది కానరీ రోజుల్లో. ఆ ఊపులోనే 1966లో మన కృష్ణ గారితో గూఢచారి 116 వచ్చింది. ఆంధ్రా జేమ్స్ బాండ్ అని పేరు పడిపోయింది ఆయనకి. మా ఊరి పక్క బుర్రిపాలెం మనిషి, మాకు రెట్టింపు సంబరం. ఆ సినిమా చూసి బయటికొచ్చిన ప్రతివాడూ ఓ వారం పాటు కాలరెత్తుకుని తిరిగాడు. గూఢచారి సినిమాకి వెళ్లేది అందుకయ్యా. ఏడవడానికి వేరే సినిమాలున్నాయి.

బాండ్ అంటే మనిషి కాదు, ఉద్యోగం. కానరీ వెళ్లాడు, లేజన్‌బీ ఒక్కటి చేసి వెళ్లాడు, మళ్లీ కానరీ వచ్చి 1971లో మళ్లీ వెళ్లాడు. రోజర్ మూర్ ఏడు సినిమాలు చేసి, చివరిదానికి 57 ఏళ్లొచ్చాయి. కాస్త ఆయాసపడ్డాడు గానీ నవ్వుతూనే వెళ్లాడు. డాల్టన్ రెండు, బ్రాస్నన్ నాలుగు. వీళ్లలో ఎవర్నీ చంపాల్సిన అవసరం రాలేదే? స్టేషన్ మాస్టర్ రిటైరైతే స్టేషన్ కూల్చేస్తారా?

స్లావ్_సూరి
1 అక్టోబర్ 2021, రాత్రి 11:48

మావయ్యా, మీ స్టేషన్ మాస్టర్ పోలిక ఇక్కడ ఆఫీసులో తెల్లవాళ్లకి అనువదించి చెప్పా, పడీపడీ నవ్వారు.

ఇక్కడ ఇంగ్లండ్ సంగతి కొంచెం చెప్తా. బాండ్ సినిమాలు తీసే పైన్‌వుడ్ స్టూడియో మా ఊరికి పక్కనే. క్యూబా వీధులు కూడా అక్కడే సెట్ వేశారు. మంగళవారం లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రీమియర్ అయింది, క్రెయిగ్ గులాబీ రంగు వెల్వెట్ కోటు వేసుకొచ్చాడు. రెండ్రోజులుగా పేపర్లలో ఆ కోటు మీదే చర్చ.

ఈ సినిమా కోసం ఇక్కడ ఎంత కాచుకుని ఉన్నారంటే, పోయిన అక్టోబర్‌లో మళ్లీ వాయిదా అనగానే సినీవరల్డ్ వాళ్లు బ్రిటన్, అమెరికాల్లో ఉన్న థియేటర్లన్నీ తాత్కాలికంగా మూసేశారు. దాదాపు 45 వేల మంది ఉద్యోగుల మీద దెబ్బ. ఒక్క సినిమా మీద అంత ఆశ పెట్టుకున్నారు. నిన్న నేను వెళ్లిన హాల్లో కోవిడ్ మొదలైనప్పటి నుంచి గడప దాటని ముసలివాళ్లు చాలామంది కనిపించారు. మాస్కు పెట్టుకుని, కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుని వచ్చి కూర్చున్నారు.

ఇదే జనం 2005లో ఏం చేశారో గుర్తుందా? అక్టోబర్‌లో క్రెయిగ్‌ని థేమ్స్ నది మీద నేవీ స్పీడ్ బోట్‌లో తీసుకొచ్చి కొత్త బాండ్ అని చూపించారు. లైఫ్ జాకెట్ వేసుకున్నాడని వెక్కిరించారు. జుట్టు రాగిరంగు, ఎత్తు చాలదు, ముఖం బాక్సర్ ముఖం అన్నారు. సినిమా విడుదల కాకుండానే బహిష్కరించమని వెబ్‌సైట్ పెట్టారు. 2006 నవంబర్‌లో క్యాసినో రాయల్ వచ్చింది, నోళ్లు మూతపడ్డాయి.

ఇంకో విషయం. చావు సినిమావాళ్లకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. బాండ్‌ని పుట్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ 1964 నవల యు ఓన్లీ లివ్ ట్వైస్ చదవండి. అందులో విషపు తోట ఉంది, బాండ్ చనిపోయాడనుకుని పేపర్లో సంతాప వ్యాసం వస్తుంది, చివర్లో ఒకావిడ అతని బిడ్డని కడుపుతో ఉంటుంది. సినిమా చివర బాండ్ బాస్ ఎమ్ చదివే రచయిత జాక్ లండన్ మాటలు కూడా ఆ సంతాప వ్యాసంలోవే. 1967లో అదే పేరుతో సినిమా తీసినప్పుడు ఇవన్నీ పక్కన పడేశారు. ఫుకునాగా వాటిని ఏరుకొచ్చి పెట్టుకున్నాడు. కాకపోతే నవలలో బాండ్ నిజంగా పోడు, జ్ఞాపకం పోతుంది.

తెనాలి_మావయ్య
2 అక్టోబర్ 2021, ఉదయం 6:10

చూశావా, కథ పుట్టించినవాడే చంపలేదు. నా వాదనకి నువ్వే సాక్ష్యం తెచ్చిచ్చావు సూరీ.

క్రాస్‌రోడ్స్_కుర్రాడు
2 అక్టోబర్ 2021, ఉదయం 10:25

చూసొచ్చా. తెలిసి కూడా ఏడ్చా. మా ఫ్రెండ్స్ ముందు పరువు పోయింది.

మావయ్యా, మీతో సగం ఒప్పుకుంటా. ఇంకో సీక్వెల్ తీస్తారు కదా, మరి ఈయన పోతే అదెట్లా? టైటిల్స్ అన్నీ అయిపోయాక జేమ్స్ బాండ్ మళ్లీ వస్తాడు అని వేశారు. మా వెనక సీట్లో ఒకాయన "ఎక్కణ్ణుంచి వస్తాడ్రా" అని గట్టిగా అడిగాడు.

రీలు_రవళి
2 అక్టోబర్ 2021, సాయంత్రం 4:50

సరే, రాస్తానన్నా కదా.

మావయ్య గారు చెప్పింది పాత బాండ్లందరికీ వర్తిస్తుంది. వాళ్లకి వయసు లేదు, నిన్న లేదు. లేజన్‌బీ చేసిన 1969 సినిమా ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్‌లో పెళ్లైన కాసేపటికే భార్యని కాల్చేశారు. రెండేళ్ల తర్వాత కొత్త సినిమాలో ఆ దుఃఖం ఎక్కడుంది? మొదట్లో బ్లోఫెల్డ్ కోసం నాలుగు చోట్ల వెతికి నలుగురిని బాదాడు, అంతే. మూర్ రోజుల్లో ఒకసారి సమాధి చూపించారు. అలా అప్పుడప్పుడూ తలుచుకుని వదిలేశారు.

క్రెయిగ్ లెక్క వేరు. క్యాసినో రాయల్ మొదలయ్యేసరికి అతనికి డబుల్ ఓ (చంపడానికి లైసెన్స్) హోదా కూడా లేదు, మన కళ్ల ముందే రెండు హత్యలు చేసి సంపాదించుకున్నాడు. వెస్పర్‌ని పోగొట్టుకున్నాడు. క్వాంటమ్ ఆఫ్ సొలేస్ ఆ సినిమా ఎక్కడ ఆగిందో దాదాపు అక్కడే అందుకుంది. (అది రచయితల సమ్మె టైమ్‌లో తీసింది, స్క్రిప్టు సగంలో ఉన్నట్టు తెలిసిపోతుంది.) స్కైఫాల్‌కి వచ్చేసరికి గురి తప్పుతోంది, చేతులు వణుకుతున్నాయి, అప్పటి బాస్ ఎమ్ అతని చేతుల్లో పోయింది. స్పెక్టర్ సినిమాలో అన్నిటినీ ఒకే తాడుకి కట్టాలని బ్లోఫెల్డ్‌ని చిన్నప్పటి అన్నలాంటివాణ్ణి చేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మన సెన్సార్ వాళ్లు అందులో ముద్దుల్ని సగానికి కోసి దేశమంతా నవ్వులపాలయ్యారు, అదొక్కటే ఆ సినిమా నుంచి జనానికి గుర్తుంది.

అంటే 15 ఏళ్లలో ఐదు సినిమాల్లో ఒకే మనిషికి వయసు మీద పడింది, గాయాలయ్యాయి, మనుషులు పోయారు. అన్నీ లెక్కలో ఉన్నాయి. అలాంటివాణ్ణి చివర్లో సూటు సర్దుకుని పడవలో ముద్దులు పెట్టుకుంటూ వెళ్లిపోయాడని చూపిస్తే అదే అబద్ధమయ్యేది.

ఆ దీవిలో ఒక చిన్న విషయం గమనించారా? బాండ్, మడలీన్‌ల పాప మాతిల్డ్ కుందేలు బొమ్మ కింద పడిపోయి ఉంటే బాండ్ తీసి ప్యాంటు పట్టీల్లో దోపుకుంటాడు. తర్వాత ఫైట్ అంతా అదలాగే ఉంటుంది. మెట్ల మీద ఒక్కొక్కణ్ణే కొట్టుకుంటూ పైకెక్కేటప్పుడు కూడా కెమెరా వదలకుండా వెనకే వెళ్తుంది. ఊపిరి అందడం లేదు, ముఖం నిండా రక్తం, నడుము దగ్గర బొమ్మ. దానికి ముందు అదే పాప కోసం విలన్ ఎదుట మోకాళ్ల మీద వంగి క్షమించమన్నాడు. ఏ బాండ్ వంగాడు అలా? నటనేనని నాకూ అనుమానమే, తుపాకీ కోసం వంగాడు. కానీ ఆ రెండు క్షణాలు క్రెయిగ్ ముఖంలో అది నటన కాదు.

చివర్లో సాఫిన్ గోరంత గీత గీసి విషం ఎక్కించేశాడు. హెరాక్లీస్ అనే నానోబాట్లు, అంటే కంటికి కనపడని యంత్రాలు, ఒంట్లోకి వెళ్తే ఇక బయటికి రావు. మడలీన్‌ని, పాపని ముట్టుకుంటే వాళ్లు పోతారు. దీవి మీదికి క్షిపణులు వస్తున్నాయి. పారిపోవడానికి టైమ్ ఉందో లేదో కూడా అతను లెక్కేసుకోలేదు. బతికినా వాళ్ల దగ్గరికి వెళ్లలేడు. అందుకే నాకు సబబు అనిపించింది. ఆయన ఉద్యోగం కోసం చావలేదు మావయ్య గారూ. 007 నంబర్ కూడా అప్పటికి కొత్త ఏజెంట్ నోమి చేతిలో ఉండి తిరిగొచ్చిందే.

వైజాగ్_కెరటం
2 అక్టోబర్ 2021, సాయంత్రం 5:22

ఇంత బాగా రాశాక కూడా విలన్ వీకే అంటా.

రీలు_రవళి
2 అక్టోబర్ 2021, సాయంత్రం 5:24

వీకే. ఎవరు కాదన్నారు?

న్యూజెర్సీ_నాని
11 అక్టోబర్ 2021, ఉదయం 7:35

మాకు 8న వచ్చింది, వీకెండ్‌లో ఐమాక్స్‌లో చూశా. బాండ్ సినిమాకి ఐమాక్స్ ఫిల్మ్ కెమెరాలు వాడటం ఇదే మొదలు. మటేరాలో వంతెన మీద నుంచి దూకేటప్పుడు తెర పైకీ కిందికీ తెరుచుకుంటుంది, కడుపులో తిప్పేసింది. ఆ రాళ్ల వీధుల్లో బైకు జారకుండా వేల లీటర్ల కోకాకోలా చల్లారట, ఎండితే జిగురు పట్టేస్తుంది కదా.

ఇక్కడ ఓపెనింగ్ అంత గొప్పగా లేదు. స్కైఫాల్ 110 కోట్ల డాలర్లు దాటింది, ఇది ఆ దరిదాపుల్లోకి వెళ్లేలా లేదు. పెద్దవాళ్లు హాలుకి రావడానికి ఇంకా జంకుతున్నారు. మా నాన్నని పిలిస్తే వద్దన్నారు.

పాట గురించి ఎవరూ మాట్లాడలేదేం? చివర్లో వచ్చే లూయి ఆర్మ్‌స్ట్రాంగ్ పాట ఆ 1969 సినిమాలోదే. మటేరాకి కారులో వెళ్తూ బాండ్ ఆ పాట మాటలే మడలీన్‌తో అంటాడు. నాకు అక్కడే గుండెలో రాయి పడింది, ఇది మంచిగా ముగిసేది కాదని.

తెనాలి_మావయ్య
11 అక్టోబర్ 2021, సాయంత్రం 6:40

ఆ 1969 సినిమా అప్పట్లో ఎవరూ మెచ్చుకోలేదు బాబూ. లేజన్‌బీకి నటన రాదన్నారు. యాభై ఏళ్ల తర్వాత ఇప్పుడు అందరూ దాన్నే తవ్వుకుంటున్నారు. నాకు అప్పుడే నచ్చింది, ఆ మంచులో స్కీయింగ్ ఛేజులకి.

రవళమ్మ రాసింది రెండుసార్లు చదివాను. మనిషి కథ అన్నావు, బాగుంది. కానీ మనిషి కథ కావాలని ఎవరడిగారు? మా కాలంలో టికెట్ కొన్నది ఆ మనిషి చావడని తెలిసే. సొరచేపల మధ్య పడేసినా, లేజర్ కింద కట్టేసినా టై సర్దుకుంటూ లేచొస్తాడని తెలుసు. ఎలా లేచొస్తాడన్నదే ఆట. ఆ భరోసా తీసేశాక మిగిలింది ఇంకో యాక్షన్ సినిమా.

స్లావ్_సూరి
11 అక్టోబర్ 2021, రాత్రి 9:15

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు మావయ్యా. చిన్నప్పుడు ఆక్టోపస్సీ చూస్తూ ఉదయ్‌పూర్ బజార్లో ఆటో ఛేజ్‌లో విజయ్ అమృత్‌రాజ్ టెన్నిస్ బ్యాట్‌తో కొడుతుంటే నేను ఎగిరి గంతేసింది ఆ భరోసాతోనే.

క్రాస్‌రోడ్స్_కుర్రాడు
28 మార్చి 2022, ఉదయం 9:50

ఈ చర్చా దారం పైకి లేపుతున్నా. టైటిల్ పాటకి ఆస్కార్ వచ్చింది! బిల్లీ ఐలిష్, వాళ్లన్న ఫినియస్. ఆడెల్, సామ్ స్మిత్ తర్వాత వరసగా మూడో బాండ్ పాటకి. క్రెయిగ్ బాండ్‌కి ఆస్కార్ రాలేదు గానీ ఆయన టైటిల్ కార్డులకి మాత్రం వచ్చిపడ్డాయి.

రీలు_రవళి
6 ఫిబ్రవరి 2023, రాత్రి 8:05

మావయ్య గారూ, మీకోసం ఒక సమాచారం. ముగింపు ఆలోచన ఎప్పటిదో క్రెయిగ్ ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 2006లో బెర్లిన్‌లో క్యాసినో రాయల్ ప్రీమియర్ అయ్యాక కారులో వస్తూ నిర్మాత బార్బరా బ్రాకలీని ఇంకా ఎన్ని చెయ్యాలని అడిగాడట. నాలుగు అందట ఆవిడ. చివరిదాంట్లో నన్ను చంపెయ్యొచ్చా అంటే, సరేనందట. అంటే మొదటి సినిమా జనంలోకి వెళ్తున్నప్పుడే చావు ఖాయం. నేను చెప్పిన "ఒకే మనిషి కథ" ఊరికే కాదు.

తెనాలి_మావయ్య
6 ఫిబ్రవరి 2023, రాత్రి 9:30

అదృష్టవంతుడు. హీరో గారు అడగ్గానే చంపిపెట్టే నిర్మాత మన దగ్గర దొరకదు. మొన్న నవంబర్‌లో కృష్ణ గారు పోయినప్పుడు టీవీలో గూఢచారి 116 మళ్లీ వేశారు. ఇంట్లో అందరం కూర్చుని చూశాం. మా మనవడికి ఆ ఫైట్లు నవ్వొచ్చాయి గానీ చివరిదాకా లేవలేదు.

న్యూజెర్సీ_నాని
21 ఫిబ్రవరి 2025, ఉదయం 6:55

పెద్ద వార్త. నిర్మాతలు బార్బరా బ్రాకలీ, మైకేల్ విల్సన్ పక్కకి తప్పుకుంటున్నారు. బాండ్ మీద సృజనాత్మక పెత్తనం ఇక అమెజాన్‌దే. 2022లో ఎంజీఎం స్టూడియోని 845 కోట్ల డాలర్లకి కొన్నప్పటి నుంచి ఇది ఎప్పుడో అవుతుందనుకున్నదే. 1962 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న బండి.

వైజాగ్_కెరటం
21 ఫిబ్రవరి 2025, ఉదయం 9:12

ఇక ఎమ్ సెక్రటరీ మనీపెన్నీ మీద ఒక వెబ్ సిరీస్, ఆయుధాలు చేసిచ్చే క్యూ మీద ఒక వెబ్ సిరీస్, సాఫిన్ చిన్నతనం మీద పది ఎపిసోడ్లు. దేవుడా.

స్లావ్_సూరి
19 మే 2025, రాత్రి 10:40

టామ్ క్రూజ్ మిషన్ ఇంపాజిబుల్ ఆఖరిది ఇండియాలో మీరు 17నే చూసేశారట, మాకింకా రాలేదు. దాన్నీ క్రెయిగ్‌దాన్నీ పక్కపక్కన పెట్టి ఎవరైనా రాయండి. కథ చెప్పొద్దు!

క్రాస్‌రోడ్స్_కుర్రాడు
19 మే 2025, రాత్రి 11:05

కథ చెప్పను అన్నా. విమానం రెక్క పట్టుకుని వేలాడే సీన్‌కి మావయ్య గారు చెప్పిన "ఎలా లేచొస్తాడు" ఆట పూర్తిగా ఉంది. మొదటి గంట మాత్రం పాత సినిమాల ముక్కలు చూపిస్తూ చెవిలో జోరీగ. క్రెయిగ్‌ది బాగా ముగిసింది, క్రూజ్‌ది బాగా వేలాడింది.

రీలు_రవళి
26 జూన్ 2025, ఉదయం 8:30

కొత్త బాండ్‌కి దర్శకుడు డెనీ విల్నెవ్! హీరో ఎవరో ఇంకా చెప్పలేదు.

తెనాలి_మావయ్య
26 జూన్ 2025, ఉదయం 9:05

వాడు గంభీరంగా తీస్తాడు. మళ్లీ ఏడుపే. హీరో ఎవరైనా సరే, ఈసారి ఒప్పందంలోనే రాయించుకోమనండి, చావు లేదని.

కొత్తసభ్యురాలు_మానుకోట
29 జూన్ 2025, సాయంత్రం 7:15

నమస్కారం, మొదటి పోస్టు. ఈ దారం మొత్తం చదివేశా, ముగింపు తెలిసిపోయింది, పర్వాలేదు. క్రెయిగ్ బాండ్ ఒక్కటీ చూడలేదు. ఏ వరసలో చూడాలి? స్పెక్టర్ వదిలెయ్యొచ్చా?

రీలు_రవళి
29 జూన్ 2025, సాయంత్రం 7:40

స్వాగతం! వచ్చిన వరసలోనే చూడండి. క్యాసినో రాయల్ అయ్యాక అదే రాత్రి క్వాంటమ్ కూడా పెట్టెయ్యండి, విడిగా చూస్తే ఏమీ అర్థం కాదు, కలిపి చూస్తే రెండో భాగంలా ఉంటుంది. స్కైఫాల్ మాత్రం ఇంట్లో ఉన్న పెద్ద తెర మీద, లైట్లార్పి. స్పెక్టర్ వదలొద్దు. మడలీన్ వచ్చేది అందులోనే, ఆవిడ తండ్రి ఎవరో తెలియకపోతే చివరిదాంట్లో బాండ్ అనుమానం అర్థం కాదు. నిద్రొస్తే మధ్యలో రోమ్ కారు ఛేజ్ దగ్గర టీ పెట్టుకోండి.

తెనాలి_మావయ్య
29 జూన్ 2025, రాత్రి 8:10

ఇవన్నీ తర్వాత అమ్మాయ్. ముందు 1969ది చూడు, లేజన్‌బీది. తర్వాత వీళ్లు ఎక్కడెక్కణ్ణుంచి ఎత్తుకొచ్చారో నువ్వే చెప్తావు.